దుంప పేరు చెప్పని ఊరు

గ్రాట్స్,
ఫిబ్రవరి 6, 1984

జాబ్రెగ్ పాల కేంద్రం నడుపుతున్న శ్రీమతి ఒటీలియా మోషిట్స్ గారికి,

నమస్కారాలు.

మీకు నేనెవరో తెలియదు. మీ ఊళ్ళో ఎవరు ఏం మాట్లాడతారో చెప్పగలవారు కావాలని మీ పాదిరి గారికి రాస్తే, ఆయన మీ పేరు పంపారు. "నా దగ్గరికి పాపాలు మాత్రమే వస్తాయి, ఆవిడ దగ్గరికి పాలతో పాటు అన్నీ వస్తాయి" అన్నారు.

మా ఆఫీసు యూరప్ మాటల పటం తయారుచేస్తుంది. సంపుటానికి ఒక్క మాట తీసుకుంటాం. ఆ మాటను ఏ ఊరివారు ఎలా అంటారో అడిగి, ఊరికో చుక్క పెట్టి రంగు వేస్తాం. ఈసారి మాట బంగాళాదుంప. నవ్వకండి. ఈ దుంప పెరూ కొండల నుంచి ఓడెక్కి వచ్చినప్పుడు యూరప్‌లో దీన్ని ఏమనాలో ఎవరికీ తెలియలేదు. ఆస్ట్రియావారు, ఫ్రెంచివారు, డచ్చివారు "నేల ఆపిల్" అన్నారు. కొందరు జర్మన్లు "నేల బేరిపండు" అన్నారు. ఇటలీలో కొందరు మట్టిలో దొరికే పుట్టగొడుగు అనుకుని ఆ పేరే పెట్టేశారు. స్పెయిన్‌వాళ్ళు చిలగడదుంప పేరునూ దీని అసలు పేరునూ కలిపి పతాత అన్నారు. ఒక్క దుంపను చూసి ఇంతమంది ఇన్ని రకాలుగా పొరబడటం నాకు ముప్పై ఏళ్ళుగా అన్నం పెడుతోంది.

ఆపిల్ మాటలకు ఎరుపు, బేరి మాటలకు ఆకుపచ్చ, పుట్టగొడుగు మాటలకు గోధుమరంగు, పతాతకు పసుపు. మీ జాబ్రెగ్‌లో ఏమంటారు? ఒక్క మాట రాసి పంపండి, చాలు. ఒక కార్డు ముక్క సరిపోతుంది.

ఇట్లు,
మీ విధేయుడు,
డాక్టర్ లెయోపోల్డ్ ప్రీల్

తా.క. పోయిన సంపుటం సీతాకోకచిలుక. దానికి మీ ఊరి నుంచి జవాబు రాలేదు కనుక మీ చుక్క తెల్లగా ఉండిపోయింది. మా పటంలో తెలుపంటే మనుషులు లేని చోటు. ఆ పేజీలో తెల్లగా ఉన్నవి మంచుకొండలు, చెరువులు, మీరు.

*

జాబ్రెగ్,
ఫిబ్రవరి 15

గౌరవనీయులైన డాక్టర్ ప్రీల్ గారికి,

నమస్కారం. మేం ఉన్నాం.

మీ ఉత్తరం పాల కేంద్రంలో చదివి వినిపించాను. తెల్లచుక్క సంగతి రాగానే మా అత్తగారు మార్యూత చేతిలో గరిటె బల్లమీద కొట్టింది. "మనుషుల్లేరా? మరి ఈ పాలన్నీ ఎవరు పిండారంటా, మంచుకొండలా?" అంది. పోయినేడు మా బడి మూశారు, పిల్లలు తక్కువని. ఈ ఏడు బస్సు ఆపేశారు, ఎక్కేవాళ్ళు లేరని. ఇప్పుడు పటంలోంచి కూడా తీసేస్తే ఇక మమ్మల్ని వెతుక్కుంటూ ఎవరొస్తారండీ? కాబట్టి రంగు వేయించుకునే తీరతాం.

మీరడిగిన దానికి జవాబు: ఎవరితో మాట్లాడుతున్నాం అన్నదాన్ని బట్టి. పొద్దున్నే మొదట వచ్చేది పై ఇంటి స్లొవేనులు. వాళ్ళతో నేను క్రొంపీర్ అంటాను. తర్వాత సరిహద్దు గేటు దగ్గరి ఇటలీ పోలీసాయన భార్య వస్తుంది. ఆమెతో పతాత. తపాలా బండి నడిపే ఫ్రాంజ్‌తో ఎర్డాప్ఫెల్. మా అత్తగారి పుట్టిల్లు కింద ఫ్రియూలీ వైపు, ఇంట్లో ఆవిడతో కార్తూఫుల. పదకొండయ్యేసరికి కేంద్రం కట్టేస్తాను.

ఇందులో ఏది కావాలో మీరే తీసుకోండి. అన్నీ ఒకటే రుచి.

ఉంటాను,
ఒటీలియా మోషిట్స్

తా.క. సీతాకోకచిలుక జవాబు రాకపోవడానికి కారణం పాత పాదిరి గారు. "సీతాకోకచిలుకను ఏమంటారు" అని అడిగితే ఆయన, "ఏమీ అనను, దాని దారిన అది పోతుంది" అని పక్కన పడేశారట.

*

గ్రాట్స్,
ఫిబ్రవరి 27

శ్రీమతి మోషిట్స్ గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి సంతోషించాను, తర్వాత కంగారుపడ్డాను.

అమ్మా, నాకు ఒక్క మాట కావాలి. మా నియమం ఒకటే: ఊరికి ఒక చుక్క, చుక్కకు ఒక రంగు. మీరు పంపినవి నాలుగు. క్రొంపీర్ అంటే నేల బేరి, అది జర్మన్ల మాట స్లొవేనుల నోట నలిగి అలా అయింది, ఆకుపచ్చ. ఎర్డాప్ఫెల్ ఎరుపు. కార్తూఫుల పుట్టగొడుగు, గోధుమరంగు. పతాత పసుపు. ఒక్క పాల కేంద్రంలో, పదకొండు గంటల లోపు, యూరప్ అంతా అయిపోయింది!

ఇటలీ కొసన, మూడు దేశాల సరిహద్దులు కలిసే మీ లోయ నాకు చాలా ముఖ్యం. ఎరుపు ఎక్కడ ఆగి ఆకుపచ్చ, పసుపు ఎక్కడ మొదలవుతాయో ఆ గీత సరిగ్గా మీ కొండల మీదుగా పోతుంది. దాన్ని కనిపెట్టింది నేనే. శాస్త్రంలో దాన్ని ప్రీల్ గీత అంటారు. ఆ గీత మీ ఊరికి ఏ పక్కనుంచి పోతుందో తేలాలి.

మీకు శ్రమ లేకుండా ఇటలీలోని పాదువా నుంచి కార్లొట్టా అనే విద్యార్థినిని పంపుతున్నాను. ఇల్లిల్లూ తిరిగి ఆమే తేలుస్తుంది.

ఇట్లు,
మీ విధేయుడు,
లె. ప్రీల్

తా.క. "అన్నీ ఒకటే రుచి" అన్న మీ మాట మా డైరెక్టర్ గారికి చూపించలేదు. ఆయనకు గుండె జబ్బు.

*

జాబ్రెగ్,
మార్చి 19

డాక్టర్ ప్రీల్ గారికి,

నమస్కారం.

మీ కార్లొట్టా వచ్చింది. బక్కగా ఉంది పాపం, మీరు జీతం సరిగ్గా ఇస్తున్నట్టు లేదు. మా అత్తగారు దుంపలూ జున్నూ కలిపి పెనంమీద ఫ్రీకో వేసిపెట్టింది. మూడుసార్లు వేయించుకుంది. ఆ తర్వాత ప్రతి ఇంటికీ వెళ్ళి అడిగింది. అందరూ ఒకే మాట చెప్పారు: పతాత. ఒక్కరు కూడా తేడా రాలేదు.

పని అయిపోయినట్టే కదా? పసుపు మాకు ఇష్టమే. వేసేయండి.

ఉంటాను,
ఒటీలియా

తా.క. పిల్ల వెళ్తూ వెళ్తూ కొంత జున్ను మూట కట్టుకుంది. అది మీ ఆఫీసు కోసం కాదు. అడిగి లాక్కోకండి.

*

గ్రాట్స్,
మే 10

శ్రీమతి మోషిట్స్ గారికి,

నేనింకా నమస్కారమే పెడుతున్నాను. ఎంతకాలం పెడతానో తెలియదు.

మీ ఉత్తరం చూసి ఆఫీసులో మిఠాయి పంచాను. ప్రీల్ గీత మీ ఊరికి ఉత్తరంగా పోతుందని ఒక వ్యాసం కూడా మొదలుపెట్టాను. నా సంతోషం రెండు వారాలు కూడా నిలవలేదు. స్లొవేనుల నగరం లుబ్లియానాలో ఉండే మా సహోద్యోగి మిర్కో, సెలవుల్లో మీ కొండెక్కడానికి వచ్చి, ఊరికే ఉండలేక ఇల్లిల్లూ అడిగాడట. అందరూ క్రొంపీర్ అన్నారట. ఒక్కరు కూడా తేడా రాలేదట! నాకు ఒళ్ళు మండి మా పెద్దాయన గ్రూబర్‌ను మోటారుసైకిలు మీద తోలాను. ఆయన మా ఆస్ట్రియావాడు, ఆయనతో అందరూ ఏమన్నారో తెలుసా? ఎర్డాప్ఫెల్. ఒక్కరు కూడా!

అమ్మా, మీరంతా కూడబలుక్కున్నారా? ఏ ఎండకా గొడుగు పట్టే ఊరు నా వృత్తిలో ఇంతవరకూ చూడలేదు. అబద్ధం చెప్పడానికి దుంప ఏమంత పెద్ద విషయమని?

ఇట్లు,
ప్రీల్

తా.క. గ్రూబర్ గారికి కూడా ఫ్రీకో పెట్టారట. ఆయన ఇప్పుడు మీ పక్షమే మాట్లాడుతున్నాడు. ఇది లంచం కిందికి వస్తుంది.

*

జాబ్రెగ్,
మే 18

డాక్టర్ గారికి,

అబద్ధమా? మా ఇంట్లో అన్నం తిన్నవాళ్ళను పంపి, మమ్మల్నే అబద్ధాలకోర్లంటారా? చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఇక్కడ అడిగేవాడికి చెప్పేవాడే లోకువైపోయాడు. మీ మీద గౌరవం కొద్దీ విషయం విడమరచి చెబుతాను.

ఇంటికి వచ్చినవాడికి గుమ్మం దగ్గర వాడి కాళ్ళకు సరిపోయే చెప్పులు ఇస్తామా లేదా? మీ గ్రాట్స్‌లో కూడా ఇస్తారు. నోటికీ అంతే. వచ్చినవాడు ఏ మాట మాట్లాడతాడో ఆ మాటే అందుకుంటాం. పతాత అన్న పిల్లముందు క్రొంపీర్ అంటే, "నువ్వు పరాయిదానివి" అని ముఖంమీద కొట్టినట్టే. మా పిల్లలకు నడకతో పాటు నేర్పేది ఇదే. ఎవరైనా తన మాట ముందు పెడితే మా అత్తగారు, "ఏరా, వచ్చినోడి నోరు చూడవా ముందు?" అని చెవి మెలిపెడుతుంది.

మీ మనుషులు ముగ్గురూ తమ మాటలోనే అడిగారు, తమ మాటే విన్నారు. మర్యాద చేశాం. అంతకు మించి కుట్ర ఏమీ లేదు.

అంత అనుమానంగా ఉంటే ఈ నాలుగు భాషల్లో ఒక్కటీ రానివాణ్ణి పంపండి. అప్పుడు తేలిపోతుంది.

ఒటీలియా మోషిట్స్

తా.క. గ్రూబర్ గారు మోటారుసైకిలు మీద పై మలుపు ఎక్కలేకపోయారు. మావాళ్ళే తోశారు. ఎర్డాప్ఫెల్ అంటూనే తోశారు.

*

గ్రాట్స్,
జులై 30

అమ్మా,

మీ సలహా విన్నాను. వినకుండా ఉండాల్సింది.

హెల్సింకీ నుంచి తౌనో అనే పరిశోధకుణ్ణి రప్పించాను. ఆయనకు ఫిన్నిష్ తప్ప ఏదీ రాదు. దుబాసీ ద్వారా నేను చెప్పిన పని ఒకటే: చేత్తో ఒక దుంప పట్టుకోవాలి, తలుపు కొట్టాలి, దుంప చూపించాలి, కనుబొమలు ఎగరేయాలి. నోరు విప్పకూడదు. ఇంతకంటే పకడ్బందీగా ఎవరైనా ఏం చేయగలరు?

ఆయన నివేదిక ఈ రోజు అందింది. "జాబ్రెగ్ ప్రజలు చాలా మంచివారు. ఆల్ప్స్ కొండల్లో మా ఫిన్నిష్ మాట వినిపించడం ఆశ్చర్యం. ఊరంతా పెరునా అంటారు."

పెరునా! పెరునా అనేది స్వీడన్ వాళ్ళ బేరిపండు మాట ఫిన్లండులో కాపురం పెట్టగా పుట్టింది. దానికీ మీకూ మధ్య సముద్రం ఉంది! నివేదిక చదివి డైరెక్టర్ గారు కళ్ళజోడు తీసి, "ప్రీల్, మీరు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుంటారా?" అని మెల్లగా అడిగారు. ముప్పై ఏళ్ళలో ఆయన నాతో మెల్లగా మాట్లాడటం ఇదే మొదలు. నా దుంప తెంచారు కదమ్మా!

అచ్చుకు గడువు సెప్టెంబరు చివరి వారం. ఒకే రంగు తేలకపోతే మీ చుక్క తెలుపే. చేతులు జోడించి అడుగుతున్నాను. పక్కన ఎవరూ లేనప్పుడు, మీలో మీరు, ఒక్కరే ఉన్నప్పుడు ఏమనుకుంటారు? అదీ చెప్పలేకపోతే ఏదో ఒకటి ఎంచుకోండి. ఏదైనా సరే. మీరు సంతకం పెట్టి పంపితే నేను రంగు వేసేస్తాను.

ప్రీల్

తా.క. నోరు విప్పొద్దన్నాను కదా అని తౌనోను నిలదీశాను. "నేను విప్పలేదు, ఒక ముసలావిడ నాకు తినడానికి ఏదో పెట్టి, నా చేతిలో దుంప చూపిస్తూ తనే కనుబొమలు ఎగరేసింది. జవాబు చెప్పకపోతే మర్యాదగా ఉండదని చెప్పాను" అంటున్నాడు. మీ అత్తగారికి నా జోహార్లు.

*

జాబ్రెగ్,
ఆగస్టు 8

డాక్టర్ ప్రీల్ గారికి,

ఫిన్లండు ఆయన వ్యవహారం రాసి మిమ్మల్ని నవ్విద్దామని కూర్చున్నాను. మీ చివరి పేరా చదివాక నవ్వు రాలేదు. "ఏదో ఒకటి ఎంచుకోండి" అన్నారు. ఆ మాట మాకు కొత్త కాదు.

నాకు పదిహేడేళ్ళు, 1939. ఇటలీ, జర్మన్ సర్కార్లు కూడబలుక్కుని పంపిన ఒక ఆఫీసు మనిషి మా బడిలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఆయనా మీలాగే మర్యాదస్తుడు, అందరికీ కుర్చీ వేశాడు. ఏదో ఒకటి ఎంచుకోండి అన్నాడు. జర్మన్ అంటే ఇల్లూ పశువులూ వదిలేసి జర్మన్ల దేశానికి వెళ్ళిపోవాలి. కాదంటే ఇక్కడే ఉండి, పూర్తిగా ఇటలీవాళ్ళమైపోయి, మిగతా మాటలు మింగేయాలి. రెండు మూడు భాషలు ఒకే నోట్లో ఉన్నవాళ్ళకు ఆ బల్లమీద చోటు లేదు. మా అక్క ఉర్సులా ఒకటి ఎంచుకుంది, మా నాన్న ఇంకోటి ఎంచుకున్నాడు. బండి కదిలేటప్పుడు నాన్న బయటికి కూడా రాలేదు. అక్క మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. సగం ఊరు అలా పోయింది. పొయ్యి వెలగని ఇళ్ళ మధ్య మేం మిగిలాం.

అప్పటినుంచి మా ఊళ్ళో ఎవరూ తన మాట ముందు చెప్పరు. ఎదుటివాడి మాట కనిపెట్టి అదే తిరిగి ఇస్తారు. మొన్న మర్యాద అని రాశాను. మర్యాదే, కానీ కింద భయం కూడా ఉంది. మా అత్తగారు ఒప్పుకోదు గానీ ఉంది.

పక్కన ఎవరూ లేనప్పుడు నేను ఏమంటాను అని అడిగారు. నిన్న దుంపలు తవ్వుతూ గమనించుకున్నాను. ఏమీ అనలేదు. తవ్వాను, బుట్టలో వేశాను. ఒంటరిగా ఉన్న మనిషికి పేర్లతో పనేముంది?

నేను సంతకం పెట్టను. అలాగని తెలుపు వేస్తే ఊరుకోను. అంతే.

ఒటీలియా మోషిట్స్

తా.క. అత్తగారికి తౌనో నచ్చాడు. ఇప్పుడు కోళ్ళకు మేత వేస్తూ పెరునా, పెరునా అని పిలుస్తోంది. కోళ్ళు వస్తున్నాయి కూడా.

*

గ్రాట్స్,
ఆగస్టు 17

గౌరవనీయులైన ఒటీలియా గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ మాట అన్నందుకు సిగ్గుపడుతున్నాను. సంతకం అడగను.

కానీ నా మీద కూడా కాస్త దయ చూపండి. నియమం నేను పెట్టింది కాదు, తీసేసే అధికారం నాకు లేదు. డైరెక్టర్ గారిని బతిమాలాను, వినడం లేదు. ఆయన అనేది కూడా కాదనలేను. "కొండకు అటుపక్క ఒబర్‌గ్రీస్ ఉంది. వాళ్ళకూ ఇవే నాలుగు భాషలు, 1939 వాళ్ళకూ వచ్చింది. అయినా మనవాళ్ళు అడిగితే ఊరంతా శుభ్రంగా ఎర్డాప్ఫెల్ అన్నారు, ఎర్రచుక్క పెట్టుకున్నారు. ఒబర్‌గ్రీస్‌కు చేతనైంది జాబ్రెగ్‌కు ఎందుకు చేతకాదు?" అంటారు. దీనికి జవాబు మీ దగ్గర ఉంటే త్వరగా రాయండి.

మీ విధేయుడు,
లె. ప్రీల్

తా.క. మా అటెండరు కూడా మీ సంగతులు అడుగుతున్నాడు. మీ ఉత్తరం వచ్చిన రోజు టీ రెండుసార్లు ఇస్తున్నాడు, మొదటిది చల్లారిపోతోందని.

*

జాబ్రెగ్,
ఆగస్టు 24

డాక్టర్ గారికి,

ఒబర్‌గ్రీస్ పేరు ఎత్తారు కనుక మీతో మాటల్లేవు, చేతలే. మీ ఉత్తరం అందిన మరునాడే పాలబండి ఎక్కి వెళ్ళాను. అక్కడ మా పెద్దమ్మ కొడుకు హెర్మాన్ ఉన్నాడు, నాకు అన్నయ్య, ఊరి చర్చికి గంట కొట్టేది అతనే. మీవాళ్ళకు ఎర్డాప్ఫెల్ అని మొదట చెప్పింది కూడా తనేనని గొప్పలు పోతుంటాడు. వెళ్ళేసరికి వంటింట్లో ఉన్నాడు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

"ఏంటి అన్నయ్యా, ఊరంతా ఒకే మాట మీద నిలబడ్డారంట! మాకూ కాస్త నేర్పరాదూ ఆ విద్య?" అన్నాను.

"నీకేం నేర్పాలే ఒటీ? పెద్దాయనొకడు మోటారుసైకిలేసుకుని గ్రాట్స్ నుంచి వచ్చాడు. ఎర్డాప్ఫెల్‌ని ఏమంటారని అడిగాడు. ఎర్డాప్ఫెల్ అన్నాం. ఏం, అనకూడదా?"

"మరి నిజంగా మీరు ఏమంటారు?"

"నిజంగా అంటే?"

"ఇంట్లో."

"ఇంట్లో ఎవరితో?" అన్నాడు. ఇంతలో వదిన లోపల్నుంచి, "ఏవండీ, ఆ క్రొంపీర్ బుట్ట ఇటు అందుకోండి" అని కేకేసింది. అన్నయ్య నా వంక చూడలేదు. బుట్ట అందించి వచ్చి, "ఆవిడ పుట్టిల్లు అటువైపు కదా" అని గొణిగాడు.

"అదే పెద్దాయన పాదువా నుంచి వచ్చుంటే?" అన్నాను.

"పతాత అనేవాళ్ళం. ఇంటికొచ్చినోడితో దుంప దగ్గర గొడవేంటే? నీకు మతి పోయిందా?"

తిరిగి వస్తూ బండివాడిని కింద రెండు ఊళ్ళలో ఆపించాను. అక్కడా ఇదే కథ. ఒక ఊరికి లుబ్లియానా మనిషి వెళ్ళాడట, వాళ్ళు క్రొంపీర్ అన్నారట. మీరందరూ మెచ్చుకునే మంచి ఊళ్ళు మాకంటే ఏం భిన్నంగా చేశాయో ఇప్పటికీ అర్థం కాలేదు. వాళ్ళనూ మమ్మల్నీ పోల్చి చూస్తే నాకు కనబడిన తేడా ఒక్కటే: వాళ్ళ దగ్గరికి ఒక్కడే వచ్చాడు, మా దగ్గరికి నలుగురు వచ్చారు.

ఈ మాట మీ డైరెక్టర్ గారికి చెప్పండి.

ఉంటాను,
ఒటీలియా

తా.క. ఊరికే, తెలుసుకుందామని అడుగుతున్నాను. మీ పటంలో ఈ పేజీలో ఎరుపు ఉన్నచోటికి ఎవరెళ్ళారు? ఆకుపచ్చ ఉన్నచోటికి ఎవరు? పసుపుకు?

*

గ్రాట్స్,
సెప్టెంబరు 21

గౌరవనీయులైన ఒటీలియా గారికి,

నమస్కారాలు. ఆలస్యానికి మన్నించండి. మీ తాజా కలం చదివాక కొన్నాళ్ళు ఆఫీసుకు వెళ్ళలేదు.

వెళ్ళిన రోజు గ్రూబర్‌ను కూర్చోబెట్టి, ఏయే ఊళ్ళకు తిరిగావో వేలుతో చూపించమన్నాను. ఆయన వేలు పటంమీద ఎక్కడ నడిచిందో అక్కడంతా ఎరుపు. మిర్కోకు ఫోన్ చేశాను. తను తిరిగిన చోటంతా ఆకుపచ్చ. పాదువావాళ్ళది పసుపు. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ అబద్ధం చెప్పలేదు. మాట అడగడానికి వెళ్ళినవాళ్ళు తమ మాట ఇచ్చేసి వచ్చారు, ఊళ్ళు దాన్ని కడిగి తుడిచి తిరిగి ఇచ్చాయి. గ్రూబర్‌ను చివరగా అడిగాను, "నువ్వు సరిగ్గా ఇక్కడే ఎందుకు ఆగావు?" అని. "అక్కడినుంచి ఎత్తు ఎక్కువ సార్, బండి లాగలేదు" అన్నాడు.

అదీ ప్రీల్ గీత. దానిమీద నేను ఒక పుస్తకం రాశాను. పాత వర్తకుల దారి అన్నాను, కనుమరుగైన తెగ అన్నాను, ఇద్దరు విద్యార్థులకు దానిమీదే పట్టాలు ఇచ్చాను. అది ఒక మోటారుసైకిలు ఇంజను బలహీనత. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, నాకు ఎలుక కూడా దొరకలేదు. చాలా కోపం వచ్చింది. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక మా అటెండరును కసిరాను. పాపం, అతను మూడో టీ ఇచ్చాడు.

డైరెక్టర్ గారికి అంతా చెప్పాను. ఆయన చివరికి నియమం ప్రకారమే తీర్పు చెప్పారు: సరిచూసి రుజువు కానిది ఏదైనా తెలుపే. సరిహద్దు పొడవునా ఒబర్‌గ్రీస్‌తో సహా ఊళ్ళన్నీ, మళ్ళీ అడిగేదాకా, తెల్లబడ్డాయి. ఒకరికి నలుగురు వెళ్ళి అడిగిన ఊరు, ఎవరితో ఏమంటారో మొదటి ఉత్తరంలోనే నిజం చెప్పిన ఊరు ఆ పేజీ మొత్తంలో ఒక్కటే ఉంది. జాబ్రెగ్ చుక్కలో నాలుగు రంగులూ వేస్తున్నారు. అచ్చు వేసేవాడు చుక్క సరిపోదన్నాడు, కాస్త పెద్దది చేయించాను. పెరునా కూడా బేరిపండే కనుక ఆకుపచ్చలో ఇమిడిపోయింది. అత్తగారికి చెప్పండి.

ఆ తెల్లని పేజీలో ఇప్పుడు మనుషులున్న ఊరు మీదొక్కటే. ఇది న్యాయం కాదని నాకు తెలుసు. వచ్చే వేసవి నుంచి అందరినీ మళ్ళీ అడగాలి. ఎలా అడగాలో మాత్రం తెలియడం లేదు. ఈసారి నేనే వస్తాను. మొదట మీ ఊరికే వస్తాను, నోరు మూసుకుని కూర్చుంటాను.

ఎప్పటికీ మీ విధేయుడు,
లెయోపోల్డ్ ప్రీల్

తా.క. మా అమ్మది కారింథియా, మీ కొండకు ఇవతలి వైపు. ఇప్పుడు ఎనభై దాటింది. నా చిన్నప్పటినుంచి మా ఇంట్లో ఎర్డాప్ఫెల్ తప్ప ఇంకో మాట వినలేదు. పుస్తకంలో మొదటి ఉదాహరణగా మా అమ్మ మాటే రాశాను. మొన్న ఆదివారం వంటింట్లో ఆమె దుంపలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని, "అమ్మా, వీటిని నువ్వు ఏమంటావు?" అని అడిగాను. కత్తి ఆపి నా వంక చూసింది. "అడిగేది నా కొడుకా, ఆఫీసు మనిషా?" అంది. కొడుకునే అన్నాను. అప్పుడు మెల్లగా ఒక మాట చెప్పింది. ఆ మాట ఆమె నోట విన్న గుర్తే నాకు లేదు. అది స్లొవేన్. "నువ్వు బళ్ళో చేరిన రోజునుంచి నీ మాటే అంటున్నాను, నాన్నా" అంది. యాభై ఎనిమిదేళ్ళుగా నేను ఆ ఇంట్లో అతిథిగా భోంచేస్తున్నానన్నమాట.